లంక దారికి బండి సన్నాహము

కొల్లేటి లంకలకు ట్రాక్టరు కట్టుకొని పోవు రైతు బయలుదేరుటకు ముందు ఇంజనును చూచుకొనును. ఆయిలు ఉన్నదా, డీజిలు నిండినదా, రేడియేటరులో నీరున్నదా యని ఇంటివారును అడుగుదురు. వెనుకనున్న ట్రక్కు చక్రముల నట్లు బిగువుగా నున్నవా యని అడుగువారు మాత్రము అరుదు. ఇంజను చెడినచో బండి నిలుచును. ఆలస్యమగును, ఖర్చగును, అంతే. ట్రక్కు చెడినచో బండి నిలువదు. కాలువలోనికో, చెరువులోనికో, ఎదుటివాని మీదికో పోవును. కావున ప్రయాణ సన్నాహము వెనుకటి బండితో మొదలు పెట్టవలయునని ఈ మాసపు పాఠమున మేము చెప్పదలచితిమి.

మన సభ్యులు ఈ దారులను పట్టుట కొత్త కాదు. సార్వా, దాళ్వా ధాన్యము మిల్లులకు చేర్చుటకును, ఎండుగడ్డి తెచ్చుటకును, చేపల చెరువులకు మేత కొనిపోవుటకును, ఫాల్గుణ మాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకు వంటసామగ్రి తరలించుటకును ట్రాక్టరు, ట్రక్కులే ఆధారము. మన తాతలు గూడుబండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టి, చీలలు తట్టి చూచి, ఎద్దుల గిట్టలు పరికించి గాని కదలెడివారు కారు. ఎద్దులు పోయి ఇంజను వచ్చినది; ఆ అలవాటు కూడ ఎద్దులతోనే పోయినది. దానిని మరల తెచ్చుకొనుటయే మన పని.

ఈ దారుల స్వభావము

కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు వాగులు ఎగువ మెట్టనుండియు కొండలనుండియు నీటిని తెచ్చి ఇందులో పోయును. ఆ నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే ముఖ్యమైన దారి. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి పోవును. వచ్చు త్రోవలు పెక్కు, పోవు త్రోవ ఒకటి. అందుచేత లంకలలో ఒక్క చినుకైనను పడకున్నను, ఎగువ వానకు దారి మునుగవచ్చును. ఉదయము పొడిగా దాటిన చోటు సాయంకాలమునకు నీటి క్రింద నుండవచ్చును.

2024 సెప్టెంబరు మాసమున బుడమేరు గండ్లు పడి విజయవాడలోని పేటలను ముంచినది. ఆ నీరు దిగువకు జారి కొల్లేటికే చేరినది. ఏలూరు, కైకలూరుల నడుమ దారిపై నీరు పారి రాకపోకలు నిలిచినవి. కావున లంకలకు పోవువాడు తన ఊరి ఆకాశమును చూచి బయలుదేరరాదు. ఎగువ వానల సంగతియు, పెదఎడ్లగాడి వద్ద నీటిమట్టమును విచారించి మరీ బయలుదేరవలయును.

ఇక నేల సంగతి. తాడేపల్లిగూడెము వైపు మెట్టనేలకు అలవాటుపడిన డ్రైవరు గణపవరము, నిడమర్రు దాటి పల్లమునకు దిగినపుడు నల్లమట్టిని క్రొత్తగా నేర్చుకొనవలసినదే. ఎండినపుడు ఈ మన్ను రాయి, తడిసినపుడు సబ్బు. చేపల చెరువు గట్టు పైకి గట్టిగా కనబడినను, నీరు తాకి తాకి లోపల మెత్తబడి యుండును.

మొదట ట్రక్కు

ప్రయాణమునకు ముందటి దినముననే, ఖాళీ బండి మీద, పగటి వెలుతురులో ఈ క్రింది పరీక్షలు చేయవలయును.

1. పిన్ను. ట్రాక్టరునకును ట్రక్కునకును గల సంబంధమంతయు ఈ ఇనుప ముక్కయే. అది కంపెనీ పిన్నుగా నుండవలెను. క్రింది కొనను లాకు క్లిప్పు ఉండవలెను. అరిగి నడుము సన్నబడిన పిన్నును పారవేయవలెను. పిన్ను పోయినదని బోల్టునో కడ్డీముక్కనో దూర్చుట మన ఊళ్ళలో సర్వసాధారణము. మేమెరిగిన యొక గ్రామమున ఒక రైతు ఇట్లే క్లిప్పులేని కడ్డీతో ధాన్యము వేసికొని చెరువు గట్టున పోవుచుండెను. గోతిలో చక్రము పడి లేచినపుడు కడ్డీ ఎగిరిపోయెను. ట్రక్కు విడివడి వెనుకకు జారి చెరువులో పడెను. బస్తాలపై కూర్చున్న పిల్లవాడు గట్టువైపు దూకుటచే చేయి విరిగి బ్రతికెను. చెరువువైపు దూకి యుండినచో ఏమయ్యెడిదో చెప్పనక్కర లేదు. మరునాడు ఆ రైతు క్రొత్త పిన్ను కొన్నాడు. దాని వెల విన్నవారందరును తల దించుకొనిరి. పిన్నుతో పాటు ట్రక్కు ముందుకొననుండి ట్రాక్టరు చట్రమునకు ఒక గొలుసు కూడ తగిలించినచో, పిన్ను పోయినను బండి విడిపోదు.

2. బేరింగులు. జాకీతో చక్రమును లేపి, పైనను క్రిందను రెండుచేతుల పట్టి ఊపి చూడవలెను. కదలిక ఎక్కువగా నున్నచో బిగింపవలెను. త్రిప్పి వినవలెను, గరగర మ్రోగినచో బేరింగు పోవుచున్నదని అర్థము. గ్రీజు పాతదైనచో తీసి క్రొత్తది పెట్టవలెను. దారిలో గంట నడచిన తరువాత దిగి, ప్రతి హబ్బును అరచేతి వెనుకభాగముతో తాకి చూడవలెను. వెచ్చగా నున్నచో మంచిదే. చేయి నిలువలేనంత కాలుచున్నచో అక్కడనే నిలుపవలెను. వేడెక్కిన హబ్బు నీటిలో దిగిన వెంటనే చల్లబడి, లోపలి గాలి కుంచించుకొనుటచే నీటిని పీల్చుకొనును. నీళ్ళు దాటివచ్చిన బండికి ఇంటికి చేరగానే గ్రీజు మార్చుమని చెప్పుట అందుకే.

3. చక్రముల నట్లు. బయలుదేరునపుడు బిగింపవలెను. 10, 15 కిలోమీటర్లు నడచిన తరువాత మరల బిగింపవలెను. చక్రమును క్రొత్తగా విప్పి పెట్టినచో ఈ రెండవ బిగింపు తప్పరానిది.

4. టైర్లు. ప్రక్కల పగుళ్ళు, ఉబ్బులు చూడవలెను. రెండు చక్రములలోను గాలి సమానముగా నుండవలెను. ఒకటి తగ్గినచో బరువు ఆ వైపు ఒరగును. స్టెప్నీలో గాలి యున్నదో లేదో చూడకయే మోసికొనిపోవువారు పెక్కుమంది.

5. వెనుక దీపములు. మార్గశిర, పుష్యములలో మంచు పట్టినపుడు పెద్దరోడ్డుపై మట్టి కొట్టుకొనిన ట్రక్కు వెనుకనుండి వచ్చు లారీకి కానరాదు. ఎఱ్ఱ దీపములు వెలుగవలెను. వెలుతురు పడిన మెరయు ఎఱ్ఱ పట్టీలు వెనుక తలుపునకును ప్రక్కలకును అంటించి, బయలుదేరునపుడు గుడ్డతో తుడువవలెను.

పిమ్మట ట్రాక్టరు

ఇంజను సంగతి సభ్యులకు తెలిసినదే. రోడ్డు సంగతి మాత్రము చెప్పుదుము. ట్రాక్టరునకు కుడికాలి క్రింద రెండు బ్రేకు పెడళ్ళుండును. దుక్కిలో మలుపు త్రిప్పుటకు ఒక్క దానినే త్రొక్కుట అలవాటు. రోడ్డెక్కునపుడు ఆ రెంటిని కలుపు గడియను తప్పక వేయవలెను. వేయనిచో, తొందరలో ఒక్కటి త్రొక్కబడి ట్రాక్టరు ఒకవైపునకు గిఱ్ఱున తిరుగును. వెనుకటి బరువు దానిని పడగొట్టును. పొలము నుండి రోడ్డెక్కునపుడు మొదటి పని ఈ గడియయే కావలెను.

దమ్ముచక్రములతో రోడ్డు నెక్కరాదు. అవి రోడ్డును కోయును. ట్రాక్టరునకు పట్టును ఉండదు. ముందు టైర్లు, వెనుక టైర్లు ఒక్కొక్కదానికి వేర్వేరు గాలి లెక్క కలదు; కంపెనీ పుస్తకములోని అంకెలను గోడమీద వ్రాసి పెట్టుకొనుట మేలు. దమ్ముకొరకు తగ్గించిన గాలితో బరువు లాగినచో టైరు ప్రక్కలు నలిగిపోవును.

బరువు వేయు విధము

ధాన్యపు బస్తా 75 కిలోలు. 80 బస్తాలనగా 6,000 కిలోలు, అనగా 6 టన్నులు. ట్రక్కు ఇనుము బరువు వేరు. లాగు ట్రాక్టరు సుమారు 2 టన్నులు. తనకంటె మూడింతలకు పైబడిన బరువును తన బ్రేకుతోనే ఆపవలసి యున్నది. ఏలయన మన ట్రక్కులలో పెక్కింటికి సొంత బ్రేకులు లేవు. వేగము రెండింతలైనచో ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి డ్రైవరు బ్రేకుపై కాలు పెట్టులోపలనే, ఒక్క సెకనులో, 8 మీటర్లు దాటిపోవును. కావున బరువుతోనున్న బండికి వేగము తగ్గించుటయే మొదటి బ్రేకు. క్రొత్త ట్రక్కు కొనువారు బ్రేకులున్న దానినే కొనవలయును.

రెండు చక్రముల ట్రక్కులో బరువును ఇరుసునకు కొంచెము ముందుకు వేయవలెను. వెనుకకు ఎక్కువైనచో ట్రక్కు ముందుకొన పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రములకు పట్టు తప్పును. మరీ ముందుకైనచో ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు పనిచేయదు. కాలువ గట్టు ఎక్కునపుడు ఈ ప్రమాదము హెచ్చు. గట్టు దిగునపుడు, ఎక్కుటకు వేసిన తక్కువ గేరులోనే దిగవలెను. డీజిలు మిగులునని న్యూట్రలు చేయువాడు డీజిలునకు బదులు ప్రాణమును ఖర్చు చేయుచున్నాడు.

గడ్డి వేసికొనిపోవువారు మరి రెంటిని చూడవలెను. లంకలలో చెరువుల మోటార్లకు పోవు కరెంటు తీగలు పలుచోట్ల క్రిందికి వ్రేలాడుచుండును. గడ్డిమోపు ఎత్తును దారి తెలిసి నిర్ణయింపవలెను. పొగగొట్టపు నిప్పురవ్వ ఎండుగడ్డికి చాలును. నిండిన బండి ప్రక్కన చుట్ట కాల్చుట సంగతి వేరుగ చెప్పనేల?

మనుష్యులు

ఇచ్చట మేము మొగమోటము విడిచి వ్రాయుచున్నాము. ట్రక్కు సరకులకు చేసినది, మనుష్యులకు కాదు. జాతరకును, పెండ్లికిని, నాట్లకును దానిలో ముప్పది నలుబదిమంది నెక్కించుట మనలో చాలకాలముగా నున్నది. ఒక ట్రక్కు కాలువలో తిరుగబడినచో దానిక్రింద చిక్కినవారు ఈతగాండ్రైనను పైకి రాలేరు. చట్టమును ఇందుకు ఒప్పుకొనదు. ప్రమాదము జరిగినపుడు భీమావారు పరిహారమునకు అడ్డు చెప్పుట కద్దు. పెద్దింట్లమ్మ జాతరకు పోవు కుటుంబములు వంటపాత్రలు, బియ్యము, కట్టెలు, గుడారపు గుడ్డలు ట్రక్కులో వేసి, మనుష్యులు బస్సులోనో ఆటోలోనో పోవుట మంచిది. పదియిండ్లవారు కలిసి ఒక బస్సు మాటాడుకొనినచో తలకు పడు ఖర్చు స్వల్పము. మడ్గార్డులపైనను, ట్రాక్టరునకును ట్రక్కునకును నడుమనున్న కడ్డీపైనను ఎవరినీ కూర్చుండనీయరాదు. అచ్చటనుండి జారినవాడు నేరుగా ట్రక్కు చక్రము క్రిందనే పడును. పిల్లలు కోరినను ఇది తప్పరాదు.

నీరు, బురద, గట్టు

నీరు దారిపై పారుచున్నచో, దారి అంచులు కనబడనిచో, దాటరాదు. పారు నీరు జానెడు లోతున్నను మనిషిని పడద్రోయును. అడుగు లోతైనచో చిన్న కారును కొట్టుకొనిపోవును. ట్రాక్టరు బరువైనదని ధైర్యము వద్దు. పెద్ద టైర్లు గాలితిత్తుల వలె తేలును, ఖాళీ ట్రక్కు పడవ యగును. నీటిక్రింద దారి తెగి యున్నదో లేదో చూచినవాడు లేడు. ఒక రాత్రి ఈవల నిలుచుట నష్టము కాదు.

చెరువు గట్టున పోవునపుడు, గట్టు ఎంత ఎత్తున్నదో అంచునకు కనీసము అంత దూరముగా చక్రము నుంచవలెను. అంత వెడల్పు లేని గట్టు నిండు బండికి దారి కాదని తెలిసికొనవలెను. ఎదురుబండి వచ్చినపుడు, వెడల్పైన చోట ముందుగానే నిలిచి దారి యిచ్చువాడే నేర్పరి.

బురదలో చక్రము దిగబడినచో ఇంజనును రొదపెట్టి చక్రమును త్రిప్పరాదు; త్రిప్పినకొలది గోయి లోతగును. మొదట ట్రక్కును విడదీసి ట్రాక్టరును వెనుకకు తీసికొని చూడవలెను. చక్రముల ముందు పలకలో, కొబ్బరిమట్టలో, గడ్డియో వేయవలెను. వేరొక ట్రాక్టరుతో లాగవలసి వచ్చినచో గొలుసును క్రిందనున్న లాగుడు కడ్డీకే తగిలింపవలెను. ఇరుసునకో, మీది లింకునకో ఎత్తున కట్టినచో ముందుభాగము లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికి వెనుకకు తిరుగబడును. ఇది కన్ను మూసి తెరచునంతలో జరుగును, దిగుటకు వ్యవధి యుండదు. లాగునపుడు చూడవచ్చినవారిని గొలుసు పొడవునకు రెండింతల దూరమున నిలుపవలెను. తెగిన గొలుసు కత్తి వంటిది.

వెంట కొనిపోవలసినవి

ఆస్ట్రేలియా ఖండపు నడిభాగమున ఊరికిని ఊరికిని వందల కిలోమీటర్ల దూరముండును. అచ్చట బండి వెనుక ఇల్లు వంటి బండిని కట్టుకొని పోవు ప్రయాణికులు నాలుగు నియమములు పాటింతురు: విడిభాగములు వెంటనుంచుకొనుట, నీరు మిగులుగా తీసికొనుట, పోవు దారిని తిరిగివచ్చు దినమును ఒకరికి చెప్పి పోవుట, బండి చెడినచో దానిని విడిచి నడచిపోకుండుట. మన లంకలు పట్టణములకు దూరము కావు. అయినను నీరు చుట్టిన రాత్రి రెండు మైళ్ళు రెండువందల మైళ్ళతో సమానము. ఆ నియమములే మనకును చెల్లును.

ట్రాక్టరు పెట్టెలో ఉండదగినవి: జాకీ, జాకీ క్రింద వేయుటకు రెండంగుళముల మందపు పలక (ఇది లేనిచో నల్లమట్టిలో బండి లేవదు, జాకీయే దిగును), చక్రపు స్పానరు, ట్రక్కుకు స్టెప్నీ, ఒక పిన్ను, రెండు క్లిప్పులు, ఒక జత బేరింగులు, గ్రీజు, ఫాను బెల్టు, గొలుసు, పార, చేతిదీపము, ఎఱ్ఱ త్రికోణము, గాయములకు కట్టు సామగ్రి, చక్రములకు అడ్డువేయు చెక్కదిమ్మెలు రెండు. దిమ్మెలకు బదులు రాళ్ళు వేసి, పోవునపుడు వానిని రోడ్డుమీదనే విడుచుట మన దురలవాటు. ఆ రాయి రాత్రి సైకిలుమీద వచ్చు మన పొరుగువానినే పడవేయును.

త్రాగునీరు ఎండదినములలో మనిషికి దినమునకు 4, 5 లీటర్లుండవలెను. చుట్టును నీరున్నను కొల్లేటి నీరు త్రాగరాదు. సెల్‌ఫోనును ముందటి రాత్రియే నింపి యుంచవలెను. దారిలో మార్చిన పాత ఆయిలును డబ్బాలో వెనుకకు తేవలెను. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సర్ జాబితా కెక్కినది. అంతకంటె ముందు అది మన చేపలకును పక్షులకును నీరు.

సంఘము చేయదగిన పని

ఈ పట్టికను చూచి చిన్నరైతు నిట్టూర్చును. ఏడాదికి నాలుగుమారులు లంకకు పోవువాడు ఇన్ని వస్తువులు కొనుట ఎట్లు? సహకార సంఘము పుట్టినది ఈ ప్రశ్నకొరకే. మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినపుడు ఒక్కొక్కనికి దొరకని అప్పు పదిమందికి కలిసి దొరకునని రైతు నేర్చుకొనెను. ఒక్కొక్కడు కొనలేని జాకీయు అట్లే.

మేము సూచించునది యిది. ప్రతి సంఘమును రెండు ప్రయాణపు పెట్టెలను సిద్ధపరచి గోదాములో నుంచవలెను. సభ్యుడు సంతకము చేసి కొనిపోయి, తిరిగి తెచ్చి లెక్క ఒప్పగింపవలెను. వాడిన వస్తువునకు మాత్రమే వెల చెల్లింపవలెను. ట్రక్కులున్న సభ్యులు కూడి, ఇకముందు కొనువారు ఒకే కొలత చక్రము, ఒకే కొలత బేరింగు గలవానినే కొనునట్లు తీర్మానించుకొనినచో, ఒక స్టెప్నీ పదిబండ్లకు పనికివచ్చును. పెట్టెతోపాటు ఒక పుస్తకముండవలెను. పోవువాడు తన దారి, తోడు, తిరిగివచ్చు వేళ అందులో వ్రాయవలెను. చెప్పిన వేళకు రానిచో గుమాస్తా మొదట ఫోను చేయవలెను, పిదప ఇరువురిని పంపవలెను. కోతల కాలమున రెండేసి బండ్లు కలిసి పోవునట్లును ఆ పుస్తకము చూచియే ఏర్పాటు చేయవచ్చును.

వచ్చు సభలో చర్చింపదగిన ప్రశ్నలు

మీ ట్రక్కు పిన్నునకు క్లిప్పు కలదా? హబ్బులలో గ్రీజు చివరిసారి ఎన్నడు మార్చితిరి? మీ ఇంట ట్రాక్టరు నడుపు కుఱ్ఱవాడు రోడ్డెక్కునపుడు బ్రేకుల గడియ వేయునా, లేక మీరు చూచునపుడు మాత్రమే వేయునా? మీ ఊరి దారిలో నిండు బండి పోరాని గట్టు ఏది? అచ్చట ఒక గుర్తు పాతించినారా?

ఈ ప్రశ్నలకు సమాధానము వ్రాతలో అక్కరలేదు. ఈ సాయంకాలము దీపము పెట్టకముందు సావిడిలోని ట్రక్కు వద్దకు పోయి, పిన్నును చేతితో తాకి చూచినచో చాలును. మా పాఠము అచ్చటనే ముగియును.